ఏనుగుని కొట్టిందెవరు?

"నీ ఆట నేనే గెలిపించేశాను. ఆవిడ ఏనుగుని ఊరికే వదిలేస్తే నీకు కనపడలేదా? కొట్టి పారేశా. సరేగానీ, టీ ఏది?"

భర్త ఆమె ఫోనుని ఇస్త్రీ బల్ల మీద పడేసి సోఫాలో కాళ్లు చాపుకున్నాడు. నాలుగో చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె అక్కడే ఆగిపోయింది. కమురు వాసన వచ్చాకగానీ ఆమె దాన్ని ఎత్తలేదు. గోడ గడియారంలో ఐదుకి పన్నెండు నిమిషాలు తక్కువ.

తెర మీద చదరంగం బల్ల ఉంది. అవతల ఆడుతున్న గుర్రాలక్క ఏనుగు ఉన్న గడిలో ఇప్పుడు తన గుర్రం నిలబడింది. వేసిన ఎత్తుని వెనక్కి తీసుకునే వీలు ఆ ఆటలో లేదు.

ఐదేళ్ల క్రితం చేరింది ఫోనులో చదరంగం ఆడే ఆ గుంపులో. ముఖాలు తెలియని రెండు వందల మంది. ఒక్కో ఎత్తుకీ మూడు రోజుల గడువు. కూరలు తరుగుతూ ఆలోచించుకోవచ్చు. బట్టలు ఆరేస్తూ ఆలోచించుకోవచ్చు. అత్తగారి మోకాళ్లకి మందు రాస్తూ కూడా ఆలోచించుకోవచ్చు, చేతులకి పనుంటే చాలు, తల ఖాళీగానే ఉందని ఇంట్లో అందరి నమ్మకం. గుంపులో ఆమె పేరు బంటు. ఎవరి భార్యవి, ఎవరి కోడలివి అని అక్కడ అడిగినవాళ్లు లేరు. "ఆ ఎత్తు ఎందుకు వేశావు?" అని మాత్రం అడిగేవాళ్లు, జవాబు కోసం ఆగేవాళ్లు. ఇంట్లోనూ "ఎందుకు చేశావు?" అని పంతొమ్మిదేళ్లుగా వింటూనే ఉంది. ఇక్కడ జవాబు కోసం ఎవరూ ఆగరు.

అందరికన్నా ఎక్కువ అడిగింది గుర్రాలక్క. రిటైరైన నర్సు. రెండు గుర్రాలతో ఎదుటివాళ్లకి చుక్కలు చూపించేది కాబట్టి ఆ పేరు. నెల క్రితం గుంపులో రాసింది: "లివరు చేతులెత్తేసింది. ఇక వారాలే అంటున్నాడు డాక్టరు. డాక్టర్ల మాటలు చాలా విన్నాను, ఈసారి మాత్రం నిజమే చెప్పాడు. నా ఆటలన్నీ వదిలేస్తున్నా. బంటుతో ఆట ఒక్కటే ఉంచుకుంటా. అది నన్ను ఓడించేలా ఉంది, చూసిపోవాలి."

శుక్రవారం అక్క ఏనుగుని ముందుకి తోసింది. చూడ్డానికి ఊరికే వదిలేసినట్టే ఉంది. కొడితే మూడు ఎత్తుల్లో తన రాజుకి చావు. ఆ వల ఆమెకి అప్పుడే కనిపించింది. తప్పించుకునే దారి మాత్రం నిన్న గిన్నెలు తోముతుంటే దొరికింది: మూలనున్న బంటుని ఒక్క గడి జరపడం. ఈరోజు ఐదింటికి గుంపంతా ఫోనులో కలిసి అక్కకి వీడ్కోలు చెబుతారు. అక్క వింటుండగా ఆ ఎత్తు వెయ్యాలని దాచుకుంది. పెద్ద పెద్ద మాటలు ఆమెకి చేతకావు. ఆ ఎత్తే ఆమె చెప్పదలచుకున్న మాట.

"మీరెందుకు ముట్టుకున్నారండీ?"

"సాయం చేస్తే అదీ తప్పేనా? ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఈ ఏడుపేంటి?"

"వాడు గెలిపించాడుగా, సంతోషించక!" లోపలి గదిలోంచి అత్తగారు.

ఆమె ఫోనుకి తాళం ఉండదు. "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటి?" అన్నది అతనే. అతని ఫోను అతని వేలు తగిలితేగానీ తెరుచుకోదు.

ఐదయింది. టీ స్టవ్ మీద పెట్టి, ఫోను గట్టుమీద ఆనించింది. ముందు ఎవరిదో బరువైన ఊపిరి. తర్వాత అక్క కూతురి గొంతు: "అమ్మ మాట్లాడలేకపోతోంది. ఫోను చెవి దగ్గరే పెట్టాను, వింటుంది." గుంపులో ఒక్కొక్కరూ వీడ్కోలు చెప్పారు. లారీ డ్రైవరు ఏడ్చాడు. లెక్కల మాస్టారు జోకు వెయ్యబోయి మధ్యలో ఆగిపోయారు.

"బంటు పిన్నీ, ఉన్నారా?" కూతురు పిలిచింది. "మీకో మాట చెప్పాలి. శుక్రవారం ఏనుగుని తోశాక అమ్మకి చెయ్యి లేవలేదు. మీరు వెయ్యగల ఎత్తులు నాలుగు చెప్పి, వాటికి జవాబులు ముందే నాతో ఎక్కించింది. మీరు వెయ్యగానే జవాబు దానంతటదే వచ్చేస్తుంది. 'మరి ఏనుగుని కొడితేనో?' అన్నాను. నవ్వింది. 'బంటు కొట్టదు, రాయకు' అంది."

బల్ల అందరి కళ్లముందూ ఉంది.

"కొట్టేశావు కదా చెల్లెమ్మా," అన్నాడు లారీ డ్రైవరు మెల్లగా.

"జవాబు లేదు కాబట్టి మూడు రోజులాగితే మీరు గెలిచినట్టే వస్తుంది పిన్నీ," అంది కూతురు. ఆ గొంతులో ఏ నిందా లేదు. అందుకే గుచ్చుకుంది.

వంటింటి గుమ్మంలో భర్త. చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, నా మాట ఎత్తకు అని. ఆ సైగ ఆమెకి కొత్త కాదు. ఎదురింటి కారుకి గీత పెట్టింది అతను, మెట్లు దిగి వెళ్లి క్షమించమంది తను. అత్తగారి మందుల చీటీ పారేసింది అతను, ఆసుపత్రిలో తిట్లు తిన్నది తను. ఆమె ఉద్యోగానికి రాజీనామా ఉత్తరం రాసింది అతను, "నాకే ఓపిక లేదండీ" అని ఆఫీసులో నవ్వుతూ చెప్పింది తను. అంట్లు తోమినట్టే, రోజూ అతని తప్పుల్ని తోమి బోర్లించింది. ఇదొక్కటీ తోమేస్తే ఎవరికీ తెలియదు. అక్క మాత్రం, ఆ నవ్వు నవ్విన అక్క, బంటు ఆశపోతని అనుకుంటూ పోతుంది.

"ఆ ఎత్తు నాది కాదక్కా," అంది. గొంతు తనదేనా అనిపించింది. "మా ఆయన వేశారు. నన్నడగలేదు. నేను మూల బంటుని జరపాలనుకున్నాను."

అవతల అదే బరువైన ఊపిరి.

"పిన్నీ..." కూతురు తడబడింది. "మాస్టారు మాట్లాడుతున్నప్పుడే అమ్మ మగతలోకి వెళ్లిపోయింది. అందరూ బాధపడతారని చెప్పలేదు. మీ మాట విందో లేదో తెలీదు."

ఆమె తెర మీద చదరంగం బల్ల కింద ఉన్న మీట నొక్కింది. ఓటమి ఒప్పుకుంటున్నారా? ఒప్పుకుంది. 'గుర్రాలక్క గెలిచారు' అని వచ్చింది.

టీ మరిగి మరిగి అడుగంటింది. స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చింది. అతను వెనకే వచ్చాడు.

"చల్లబడిందా నీ కడుపు? రెండు వందల మంది ముందు మొగుడి పరువు తీశావు. తీరా చూస్తే వినాల్సిన మనిషే వినలేదు. ఎవరి కోసం వాగినట్టు?"

ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకింది. ఐదో చొక్కాని ముడతలతో అలాగే తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు విన్నారుగా," అంది.