రాయి చేతిలో ఉన్నంతసేపు

జాకెట్టుకు హుక్కులు కుడుతూనే శివరాములు ఎడమ భుజాన్ని గోడకేసి నొక్కుకున్నాడు. నొప్పి రాత్రి నుంచీ ఉంది. అమీర్‌పేట సందులో, మెట్ల కింద ఆయన దుకాణం. మిషను, స్టూలు, ఆయన పడితే ఇంకొకరు పట్టరు. బక్క మనిషి. మెడ ముందుకు వంగిపోయింది, బొటనవేలు సూదిపోట్లతో గరుకుదేరింది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన్ను ఎవరైనా ఏదైనా అడిగారంటే అది ఒక్కటే: "అయిందా?" పాపం, కుట్టడం కంటే ఆ మాటకు జవాబు చెప్పుకోవడానికే ఆయన ఆయుష్షు సరిపోయింది.

భార్య భూలక్ష్మి చాయ్ తెచ్చి, ముఖం చూసి కనిపెట్టేసింది.

"మల్ల లేసిందా నొప్పి? డాక్టర్ జల్ది రమ్మన్నడు గదా. దవాఖానకు పోదాం పా."

"రేపు పోదాం. ఇయ్యాల ఆఖరి ట్రిప్పు."

"రాళ్లు సూసుడు కోసం పానం మీదికి తెచ్చుకుంటవా?"

"గీ ఒక్కటి పోనియ్యే. నీ కాల్మొక్త."

మొగుడి నోట ఆ మాట విని ఆమె చాయ్ గ్లాసు మిషను మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ ట్రిప్పు, ఆదివారాలు ఊరి బయటి గుట్టలకు పోయి రాళ్లను పరిశీలించే సంఘానిది. బ్యాంకులో రిటైరైన చక్రపాణి, కాలేజీ పిల్ల ధాత్రి, అందరూ సరదాకొద్దీ చేరినవాళ్లే. వచ్చేవాళ్లు తగ్గిపోయి ఇవాళ్టితో మూసేస్తున్నారు. వాళ్లకొక పద్ధతుంది. తిరుగుదారిలో, వ్యానులో, ఆ రోజు దొరికిన మంచి రాయి చేతులు మారుతుంది. కళ్లు మూసుకుని తడమాలి. రాయి చేతిలో ఉన్నంతసేపు ఆ మనిషిని ఎవరూ తొందరపెట్టకూడదు, పలకరించకూడదు. శివరాములుకు లోకంలో అలాంటి చోటు అదొక్కటే. అదీ పోతే ఏం చూసుకుని బతకాలి?

ఆ ఆదివారం గుట్ట ఎక్కలేక ఆయన కిందే కూర్చుండిపోయాడు. ఈ చెమటలేమిటని అడిగితే ఎండ అన్నాడు.

సాయంత్రం పంజాగుట్టలో వ్యాను ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ధాత్రి ఏరిన గులాబిరంగు రాయి శివరాములు చేతికొచ్చింది. రెండు అరచేతుల్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తల మెల్లగా కిటికీకి ఆనింది. అద్దం అవతల ఆసుపత్రి బోర్డు ఎర్రగా వెలుగుతోంది.

పక్క సీట్లో చక్రపాణి తన వంతు కోసం చెయ్యి చాపి ఉన్నాడు.

"అంకుల్ మస్తుసేపు చూస్తున్నరు," ధాత్రి గుసగుసలాడింది.

"ఉండమ్మా. ఆఖరిసారి కదా, చూసుకోనీ."

అందరూ మర్యాదగా నోరు మూసుకున్నారు. ఎంత మంచి మనుషులో! వెనక హారన్లు మోగాయి, పచ్చ సిగ్నల్ పడింది, ఆసుపత్రి వెనకబడిపోయింది. అమీర్‌పేట మెట్రో స్తంభాల కింద, దిగాల్సిన చోట, చక్రపాణి ఆయన భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది.

ఆటో కోసం ఒకరు, నీళ్ల కోసం ఒకరు పరుగెత్తారు. భూలక్ష్మికి ఏమని చెప్పాలో ఎవరికీ తోచలేదు. ఆయన్ను దించుకుని పోయాక సీటు మీద రాయి మిగిలింది. అరచేతుల చెమట దాని మీద ఇంకా ఆరలేదు.