పిల్లికి తలంటు

ముందు దువ్వాలి, తరవాతే నీళ్ళు. చిక్కు విప్పకుండా తడిపితే బొచ్చంతా ముద్దకట్టి, ఇక కత్తెరకి తప్ప దేనికీ లొంగదు. కుక్కకైనా పిల్లికైనా అంతే. చెవుల్లో దూది పెట్టాలి. గోళ్ళు కొసలే తీయాలి, లోపల గులాబీరంగు కనబడిందంటే ఆగిపోవాలి. ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు. నా విషయంలో ఎక్కడ ఆగాలో మాత్రం ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇదంతా డిమ్నా చెరువు దగ్గర పిక్నిక్‌లో మొదలైంది. మా ఆయన సత్యప్రసాద్ ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాక్టరీకి పనివాళ్ళని పెట్టే కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టు ఏటేటా అక్కడి పెద్దాఫీసరు మిశ్రా సాబ్ సంతకంతోనే కొనసాగాలి. ఆ రోజు సాబ్ గారి కుక్క సీజర్ తుప్పల్లో దూరి ఒళ్ళంతా పల్లేరుకాయలు అంటించుకొచ్చింది. చూడలేక దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక్కొక్కటీ తీశాను. సాబ్ గారి మేడమ్ "కిత్‌నా ప్యార్ సే కర్తీ హై" అని, ఎంత ప్రేమగా చేస్తుందోనని మురిసిపోయింది. మా ఆయన వెంటనే, "ఘర్ భేజ్ దీజియే సర్, ఇస్‌కో ఔర్ కామ్ హీ క్యా హై" అన్నారు. కుక్కని మా ఇంటికి పంపెయ్యమన్నారు, నాకు వేరే పనేముందట. ఆ పూట అందరూ లొట్టలేసుకు తిన్న పులిహోర దానంతటదే కలిసిందనుకున్నారేమో.

అప్పట్నించి ప్రతి ఆదివారం కద్మాలో సాబ్ ఉండే బంగళా నుంచి కారు వస్తుంది. ముందు సీజర్ దిగుతుంది, వెనకే బుట్టలో పర్షియన్ పిల్లి మిష్టీ. మా అత్త సింహాచలమ్మ మంచం మీద నుంచే మొదలెడుతుంది. "నా తలకి నూనె రాసి ఎన్నాళ్ళయిందే? కుక్కలకీ పిల్లులకీ అయితే తలంట్లు పోత్తావు." ఆవిడ తలకి నిన్ననే నూనె రాశాను. ఆ నూనె మెరుస్తూనే ఉంటుంది, ఆవిడ అంటూనే ఉంటుంది.

చలికాలం నుంచి నాకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. పిల్లి బొచ్చు దగ్గరికి రానివ్వొద్దని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. ఆ మాట చెప్తే మా ఆయన అన్నం కలుపుకుంటూ, "ముక్కుకి గుడ్డ కట్టుకోయే. కరోనాలో అందరం కట్టుకోనేదా?" అన్నారు. ఇంకోసారి చెప్తే, "సంతకం అయ్యేదాకా ఓపిక పట్టు. నీ సొమ్మేటి పోతాది?" అన్నారు. నా సొమ్మేమీ పోదు, నిజమే. ఈ ఇంట్లో నాదంటూ ఏముంది గనక పోవడానికి, ఊపిరి తప్ప. సంతకం అయింది, కారు రావడం ఆగలేదు. వచ్చే ఏడు సంతకం ఉంది కదా! ఏడుపొస్తుంది గానీ, ఏడిస్తే ముక్కు దిబ్బడేసి ఉన్న గాలి కూడా ఆడదని ఏడవడం మానేశాను.

ఈ ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. పెద్ద మాటలేం కూడబలుక్కోలేదు. చాలు. ఆ ఒక్క మాటే. పొద్దున్నుంచి దాన్ని నోట్లో పెట్టుకునే తిరిగాను.

సీజర్ పని అయిపోయి గుమ్మంలో ఎండకి పడుకుంది. స్నానం చేయించిన మిష్టీ నా ఒళ్ళో ఉంది. మా అమ్మాయి రోహిణి డ్రయర్ పట్టుకుంది. దానికి మేము మాట్లాడే తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం హిందీయే వస్తుంది. చెయ్యి మార్చుకోవడానికి డ్రయర్ ఆపింది. గాల్లో తేలుతున్న బొచ్చు నా గొంతులో దిగబడింది. ఎంత లాగినా గాలి లోపలికి పోవడం లేదు.

"చాలు" అన్నాను. రోహిణి నా వైపు చూసింది. చెయ్యెత్తి, "చాలు, చాలు" అన్నాను మళ్ళీ.

"హాఁ మమ్మీ, చాలూ కర్ రహీ హూఁ" అని డ్రయర్ ఫుల్లులో పెట్టింది.

హిందీలో చాలూ అంటే నడిపించమని. వేడిగాలి మొహాన కొట్టేసరికి మిష్టీ నా మోచెయ్యంతా గీరేసి బీరువా మీదికి గెంతింది. మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"పిల్లికేటైనా అయిందేటి?"

నేను గోడకి ఆనుకుని, ఒక్కో ఊపిరీ లాక్కుంటున్నాను. రోహిణి ఏడుపు మొహంతో జరిగింది చెప్పింది. ఆయన పడీ పడీ నవ్వారు. "చాలు అంటే చాలూ! సాబ్‌కి చెప్పాల, భలే నవ్వుతాడు." మంచం మీద అత్త కూడా నవ్వింది. పిల్ల తప్పేం లేదు. పెళ్ళయినప్పట్నించీ నేను చాలన్న ప్రతిసారీ ఈ ఇంట్లో అందరికీ అలాగే వినబడింది. రోహిణి దాన్ని పైకి అంది, అంతే.

"ముందు పిల్లిని దింపు. తడిగా ఉంటే జలుబు చేత్తాది" అన్నారు ఆయన నాతో. రోహిణే దాన్ని దింపి మళ్ళీ డ్రయర్ పెట్టింది.

ఊపిరి కాస్త తెరిపిన పడ్డాక, చేతులు తుడుచుకుని వరండాలోకి నడిచాను. మెయిన్ దించి ఫ్యూజు పీకాను. డ్రయర్ ఆగింది. ఫ్యాను ఆగింది. అత్త టీవీ ఆగింది.

"అరే, బత్తీ చలీ గయీ" అంది రోహిణి లోపల్నించి.

"కద్మాలో అయితే ఇలా పోదు" అన్నారు ఆయన. వరండా వైపు ఎవరూ చూడలేదు. కరెంటు నేను ఆపి ఉంటానని ఎవరికీ తోచనే లేదు. నేను మళ్ళీ లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"కరెంటొచ్చాక మళ్ళీ చాలూ చేద్దురుగాన్లే" అని ఆయన ఇంకోసారి నవ్వుకున్నారు. "ఎప్పుడొత్తాదో ఏటో."

"రాదు" అన్నాను.

"నీకేటి తెలుసే?" అన్నారు, ఫోన్లో సాబ్ నంబరు వెతుక్కుంటూ.

ఫ్యూజు నా కొంగున ముడేసి ఉంది.