ఖాళీ గడి

డేటాబేస్ తనకు తెలియని సంగతిని తెలియదనే చెబుతుంది. దానికి అబద్ధం నేర్పింది శైలజ రాసిన కోడే.

వనపర్తిలో రెండు గదుల ఆఫీసు. టీబీ పరీక్షలు చేసే ఒక సంస్థకు ఊరూరి జాబితాలు తయారుచేసి ఇవ్వడం శైలజ పని. మొదట్లో ఫలితం రానివారి గడి ఖాళీగానే వచ్చేది. ఖాళీ గడి కనబడితే చాలు, పైవాళ్లు కాగితం వాపసు పంపేవారు. అయిజ దగ్గరి పల్లెలో ఆశా కార్యకర్త రూతమ్మ ఫోన్ చేసి పోరింది.

"బిడ్డా, గడి ఖాళీ ఉంటే సార్లు నన్నే తిడుతుండ్రు. జర ఏదో ఒకటి వచ్చేటట్టు చెయ్యరాదు?"

శైలజ కోడ్‌లో ఒక్క లైను రాసింది. పాజిటివ్ అయితే పాజిటివ్, కాకపోతే నెగెటివ్. గడులన్నీ నిండాయి, అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోక ఏం చేస్తారు, వాళ్లకు కావలసింది నిండిన కాగితమే కదా.

దసరా దాటితే మేస్త్రీలు ఆ ఊళ్ల కూలీలను పనులకు పుణె తీసుకుపోతారు. దగ్గేవాళ్లను బండెక్కనివ్వరు. రూతమ్మ దగ్గరి కాగితంలో నెగెటివ్ అని ఉంటేనే ఎక్కిస్తారు.

ఈ ఉదయం రూతమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "మా ఊరి కురుమయ్య పుణెల సచ్చిపోయిండు బిడ్డా, నెత్తురు కక్కుకొని. అక్కడి దవాఖానల టీబీ అన్నరంట. నీ కాయితంల నెగెటివ్ అని ఉండె గద?"

శైలజ అసలు రికార్డు తెరిచింది. కురుమయ్య పేరు ఎదుట ఫలితమే లేదు. మిషన్ చెడిపోయిన వారంలో ఇచ్చిన తెమడ అది, పరీక్షే కాలేదు. అలాంటివాళ్లు ఇంకెందరో వెతికింది. నలభై ఒక్కరు.

సంగతి చెబితే ఆఫీసు యజమాని రంజిత్ గొంతు తగ్గించాడు. "ఆ లైను మార్చి ఊకో. ఎవరికన్న చెప్తే కాంట్రాక్టు పోతది." కర్ర విరగకుండా పాము చావాలి అతనికి.

లైను మార్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కాగితాలు ఊళ్లు చేరి నెల దాటింది. శైలజ మెట్ల మీదికి వచ్చి రూతమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, తప్పు నాదే. పరీక్ష కానోళ్లను గూడ నెగెటివ్ అని చూపిన. మీ ఊర్ల ఇంక ఐదుగురున్నరు. పేర్లు చదువుత, రాసుకో. మళ్ల పరీక్ష చేపియ్యాలె."

శైలజ చదవసాగింది. "జములమ్మ. భాగ్యమ్మ. డేవిడ్, తల్లి పేరు..." అక్కడ ఆగిపోయింది.

"నా కొడుకే" అంది రూతమ్మ. "కాయితం వచ్చేదాక నేనే ఆపిన. వచ్చినంక నేనే బండెక్కిచ్చిన. అక్కడ కురుమయ్య పక్కనే పండుకుంటుండె."

శైలజ మెట్టు మీద కూర్చుంది.

"ఇంక ఇద్దరున్నరు గద" అంది రూతమ్మ. "చదువు బిడ్డా, రాసుకుంటున్న."