కుట్టుమిషను మీద నేరం

తప్పంతా కుట్టుమిషనుదే అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

ఆఫీసులో ఆయన్ని పిడుగు అంటారు. విచారణల రికార్డింగులు ఇంటికి తెచ్చుకుని, విని టైపు చేయడంలో ఆ వేగం ఇంకెవరికీ లేదు. అలాంటి పిడుగుకి ఈమధ్య మెమోల మీద మెమోలు. మాట్లాడే మనిషి మారినప్పుడల్లా రికార్డింగులో సన్నగా ఒక బీపు వేస్తారు. అది వినగానే కొత్త లైను వేసి, రెండో మనిషి మాట మొదలెట్టాలి. పిడుగేమో ఒకరి మాటలు తీసుకెళ్లి ఇంకొకరి నోట్లో పెట్టేస్తున్నాడు. దెబ్బలు తిన్నవాడే “అవును, నేనే కొట్టాను” అని ఒప్పుకున్నట్టు కాగితం వెళ్లిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే పని ఉండదని పై అధికారి మర్యాదగానే చెప్పాడు.

ఆ మర్యాద ఆయన ఇంట్లో చూపించలేదు. “నీ టకటకలో నాకు బీపులేం వినబడతాయే? నా ఉద్యోగం ఊడగొట్టేదాకా నీకు నిద్రపట్టదా?” అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ ఇల్లాలు మిషనుని ముందు వంటింట్లోకి జరిపింది. తర్వాత బాల్కనీలోకి. దాని కాళ్ల కింద పాత దుప్పటి మడతపెట్టింది. అయినా ఇంకో మెమో వచ్చింది. ఇక కుట్టమని ఇచ్చినవాళ్ల బట్టలన్నీ ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేసింది. పెళ్లికి ముందు నుంచీ కుడుతున్న ఆ మిషను చెల్లెలికి ఇచ్చేస్తానంది. చెల్లెలు ఇవాళ సాయంత్రం బండి తీసుకుని వస్తుంది.

“వీధి చప్పుడు ఎలాగూ ఉంటుంది కదండీ. ఆ శబ్దాలు ఆపే హెడ్‌ఫోన్సు కూడా కొనేసుకుందాం” అని ఆయన్ని షాపుకి బయల్దేరదీసింది కూడా ఆవిడే.

“ప్రయాణాలకా సార్, పాటలకా, పనికా?” అని అడిగింది కౌంటరు వెనక ఉన్న సేల్స్ అమ్మాయి.

“పనికి.”

“ఏ శబ్దం ఆపాలి?”

ఆయన భార్య వైపు చూడకుండా “మిషను” అన్నాడు.

“కుట్టుమిషనమ్మా. నాదే” అంది టైలరమ్మ, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

“ఫ్యాను, ఏసీ, ఇంజను లాంటి ఒకేతీరు మోతైతే ఇవి బాగా తగ్గిస్తాయి. టకటకలు, మాటలు పూర్తిగా పోవు. మీకు చెవి మొత్తం కప్పేవైతే మేలు సార్. కళ్లజోడుంది కాబట్టి మెత్తటి దిండున్నవి చూడాలి, లేకపోతే సందులోంచి చప్పుడు దూరుతుంది. మీరు రోజూ వినేదేదైనా పెట్టి చూసుకోండి.”

కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ కోసం ఇచ్చే రికార్డింగు ఆయన ఫోనులో ఉంది. ఇద్దరు అన్నదమ్ముల గోడ తగాదా. ఇద్దరి గొంతూ ఒక్కలాగే ఉంటుంది, బీపే దిక్కు. హెడ్‌ఫోన్సు పెట్టుకోగానే షాపు మోత చాలావరకు అణిగిపోయింది. గోడ గురించి అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు. బీపు లేదు.

“ఇందులో సరిగ్గా రావట్లేదు. ఇంకోటి చూపించమ్మా.”

ఇంకోటి ఇచ్చింది. అదీ అంతే. మూడోది చెవులు నొక్కేసింది గాని బీపు ఇవ్వలేదు. సేల్స్ అమ్మాయి తీసుకుని తన చెవికి పెట్టుకుంది. “బాగానే వస్తోంది కదా సార్, టింగుటింగుమని” అంది.

ఇంత నిశ్శబ్దంలో, పక్కన ఏ మిషనూ లేకుండా, ఆ పిల్లకి వస్తున్నది తనకి రావడం లేదు. “ఆఁ, ఇప్పుడు వచ్చింది” అని అబద్ధమాడేశాడు.

“అయితే చిన్న పరీక్ష. ఇంకో రెండు జతలు కలుపుతాను, మేడం, నేనూ వింటాం. బీపు వచ్చినప్పుడల్లా వేలెత్తండి సార్.”

ఆయన తోచినప్పుడల్లా వేలెత్తాడు. టైలరమ్మ మొదట నవ్వింది. తర్వాత ఆయన వేలి వైపు, మొహం వైపు మార్చిమార్చి చూసింది. నవ్వు ఆగిపోయింది. కాసేపటికి కౌంటరు చాటున ఆవిడ చెయ్యి వచ్చి ఆయన ఎడమ మణికట్టు పట్టుకుంది. బీపు వచ్చినప్పుడల్లా ఒక్క నొక్కు. నొక్కినప్పుడల్లా ఆయన వేలెత్తాడు.

“సూపర్ సార్, ఇప్పుడు ఒక్కటీ తప్పట్లేదు! మీకిదే కరెక్టు” అంది ఆ అమ్మాయి.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లని చూసి జన్మంతా నవ్విన మనిషి ఆయన. ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. నోటికొచ్చినట్టు తిట్టించుకుని, చేతిలో పని వదులుకున్న మనిషి, పరాయిపిల్ల ముందు తన పరువు కాపాడుతోంది. ఆ చెయ్యి విదిలించుకోలేడు, పట్టుకునే మొహమూ లేదు. హెడ్‌ఫోన్సు తీసి కౌంటరు మీద పెట్టేశాడు.

“నాకు బీపు వినబడలేదమ్మా. ఒక్కటి కూడా” అన్నాడు. తర్వాత భార్యతో, చూపు నేల మీదే ఉంచి, “మీ చెల్లెల్ని రావద్దని చెప్పు” అన్నాడు.

“నేను చెప్పను. మిషను చప్పుడుకి చచ్చిపోతున్నానని దానికి ఫోను చేసి చెప్పింది మీరు. ఇదీ మీరే చెప్పండి.”

ఫోనులో మరదలు ఏదో రోడ్డు మీద ఉన్నట్టుంది, వెనక హారన్లు.

“నువ్వు బండి తేవద్దు” అన్నాడాయన గొణుగుతూ.

“ఏంటి బావా? వినబడట్లేదు.”

“మిషను మా ఇంట్లోనే ఉంటుంది. దాని తప్పేం లేదు.”

“అబ్బా, నోట్లో నోట్లో మాట్లాడితే ఎలా? గట్టిగా చెప్పండి!”

“తప్పు మిషనుది కాదు, మీ అక్కది కాదు! నాకు చెవుడొచ్చింది!”

షాపంతా తలతిప్పి చూసింది. బిల్లు కౌంటరు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అవతల మరదలు పక్కకెళ్లి నిలబడినట్టుంది, హారన్లు తగ్గాయి.

“మరి అక్క తిరిగిచ్చేసిన బట్టల మాటేంటి బావా?” అంది, మెల్లగా.

అది ఒక్క ముక్క కూడా పోకుండా వినబడింది ఆయనకి.