పాటలో నేను లేని చోట్లు

పండితులు ఏ గ్రంథాన్ని ప్రమాణంగా చూపినా సరే, గృహస్థాశ్రమమనే మహాసౌధం నిలబడి ఉన్నది సీలింగు ఫ్యాను రెగ్యులేటరు మీదనేనని సవినయంగా ప్రకటిస్తున్నాను. పురుషార్థాలు నాలుగే, మా ఇంటి రెగ్యులేటరు మీద అంకెలు ఐదు. రెండు మీద ఉంటే మామగారికి చెమట, నాలుగు మీద ఉంటే అత్తగారికి మోకాళ్ల నొప్పి. సముద్రపు గాలి చింతాద్రిపేట దాకా రావడానికి బద్ధకించినప్పుడల్లా, కూవం నది మురుగు వాసనకు జడిసి కిటికీ మూసినప్పుడల్లా ఆ అంకె మారాలి. మార్చవలసిన చేయి నాది. కాపురానికి వచ్చిన వారంలోనే ఈ పదవి నన్ను వరించింది. దీనికి నియామక పత్రం లేదు, సెలవు లేదు, పదవీ విరమణ గురించి ఎవరూ ఇంతవరకు ప్రస్తావించలేదు.

"వాసూ! ఫ్యాను!" అంటారు మామగారు రంగనాథం గారు, హాల్లో తమ చేతుల కుర్చీలోంచి. ఆయన వాక్యంలో క్రియ ఉండదు. క్రియ నేను చేస్తాను కనుక దాన్ని ఆయన ఉచ్చరించనక్కరలేదు. నా పూర్తి పేరు వాసవాంబ. అంత పేరు పిలిచేలోగా ఉక్క పెరిగిపోతుందని కాబోలు, మొదటి రెండక్షరాలతో సరిపెట్టుకున్నారు.

నేను ఒక పాఠశాలలో తెలుగు చెబుతాను. నా విద్యార్థులకు తెలుగంటే ఇంట్లో అవ్వ తిట్టే భాష. దానికి ఛందస్సు ఉందంటే నవ్వుతారు. ఆ పాఠశాలలో నాకు మరొక ఉద్యోగం కూడా ఉంది. "టీచర్, మీకు కీబోర్డు వస్తాది గదా, ఆన్యువల్ డేకి ప్రేయర్ పాట వాయించేయండి, సుమ్మా, ఊరికే ఒక పాటే" అంటారు ప్రధానోపాధ్యాయిని. ఆ ఒక పాట పాట వెనుక పాటగా సాయంకాలమంతా సాగుతుంది. చివర వందన సమర్పణలో మైకు సెట్టు ఆయన పేరు చదివారు, నా పేరు చదవలేదు. అడిగితే, "ఆయన బయటి మనిషి టీచర్, మీరు మన ఇంటి మనిషి" అన్నారు ఆప్యాయంగా. ఇంటి మనిషి అన్న బిరుదు లోకంలో చాలామందికి ఒక్క చోటే దక్కుతుంది. నాకు రెండు చోట్లా దక్కింది.

కీబోర్డు నా కోసం కొన్నది కాదు. మా అమ్మాయి ధన్య ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు దాని క్లాసుల కోసం కొన్నారు. అది వేసవి సెలవులు ముగిసేలోపు సంగీతాన్ని పరిత్యజించింది. ఆ మీదట కొన్నాళ్లు ఆ వాద్యం ఇస్త్రీ బట్టలు పెట్టుకునే అరగా కుటుంబానికి సేవ చేసింది. ఒకరోజు బట్టలు తీస్తుంటే చేయి తగిలి ఏదో మీట నొక్కుకుంది. డోలు, గిటారు, బేసు అన్నీ కలిసి మోగాయి. చొక్కాల దొంతర గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయాను. అది అరేంజరు కీబోర్డు. ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కితే ఒక వాద్యబృందం మొత్తం ఆ శ్రుతిని పట్టుకుని నడుస్తుంది. కుడిచేయి పాట వాయించుకోవచ్చు. ఇంట్లో నా మాట విని నడిచిన మొట్టమొదటి బృందం అదే.

నాకు స్వరాలు రాయడం, చదవడం రాదు. చెవితో పట్టుకుంటాను. పక్కింటి టీవీలో వచ్చిన పాటను బియ్యం కడుగుతూ సింకు అంచు మీద వేళ్లతో వెతుక్కుని, సాయంత్రం కీబోర్డు మెట్ల మీదకు తెచ్చుకుంటాను. పెన్‌డ్రైవ్ గుచ్చి రికార్డు మీట నొక్కితే వాయించినదంతా అందులోకి వెళుతుంది. ఆ రికార్డింగులో ఒక గొప్ప గుణం ఉంది: గదిలోని శబ్దం అందులో పడదు. కుక్కరు కూత, టీవీ సీరియలు ఏడుపు, "వాసూ!" ఏవీ లేవు. వాయించినది మాత్రమే ఉంటుంది. నేను జీవించిన సాయంత్రాలన్నిటిలోకీ మా ఇల్లు లేని సాయంత్రాలు ఆ పెన్‌డ్రైవ్‌లోనివే.

అయితే ఒక చిక్కు. ఈ జాతి కీబోర్డులో ఎడమచేయి తీసేసినా బృందం ఆగదు. చివరిగా నొక్కిన మెట్ల మీదే నడుస్తూ ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడల్లా నేను పాట ఆపేదాన్ని కాదు. ఎక్కువసేపు విసుగు పుట్టించకుండా నిలవగల మెట్లేవో చూసి, వాటి మీద ఎడమచేతిని ఒకసారి ఆనించి, లేచి వెళ్లేదాన్ని. హాల్లో ఫ్యాను మూడు చేసి, అత్తగారు వరదలక్ష్మి గారికి వేడినీళ్ల సంచి అందించి, పాలు దించి వచ్చేసరికి, నేను లేకపోయినా బృందం విధేయంగా తాళం వేస్తూ ఉండేది. ఆవర్తం చుట్టు తిరిగి వచ్చేదాకా నిలబడి, తరువాతి పంక్తి మొదట్లో కూర్చుని అందుకునేదాన్ని. కాబట్టి నా రికార్డింగులన్నిటిలో అక్కడక్కడా పాట ఉండదు. ఉత్త తాళం ఉంటుంది. అవి నేను ఫ్యాను దగ్గర ఉన్న చోట్లు.

మావారు అనంత్ గాయకులు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం ఆయన దేహానికి మాత్రమే. ఆత్మ మా తెలుగు సంఘం నెలవారీ పాటల సభలో ఉంటుంది. ఒకనాడు ఆయన చేతికి నా పెన్‌డ్రైవ్ చిక్కింది. విన్నారు. "ఏంది వాసూ, ఈడ ఈడ ఊరికే వదిలేసినావే?" అన్నారు. నేను జవాబు చెప్పేలోగానే ఆ ఖాళీలో ఆయన గొంతెత్తారు. ఆశ్చర్యంగా అమరింది. ఒక పంక్తి వాద్యం, ఒక పంక్తి ఆయన. ఆయన గొంతు నేను వాయించే శ్రుతికి అందదు. శ్రుతిని దించడానికి ఒక మీట ఉంది. మా దాంపత్యంలో ఆ మీట నొక్కే బాధ్యత కూడా నాదే అయింది. అప్పటినుంచి సభలో ఆయన నా రికార్డింగుల మీదే పాడుతున్నారు.

పోయిన నెల సభకు ప్రేమ్‌నాథ్ గారని ఒక పెద్దాయన వచ్చారు. కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో చాలా ఏళ్లు కీబోర్డు వాయించిన మనిషి. మావారి పాట అయ్యాక ఆయన వేదిక దగ్గరకు వెళ్లి గొంతు సంగతి ఎత్తలేదు. "ఈ ట్రాక్ ఎవరు చేసినారు సార్? వాయించిన ఆయన్ని ఒకసారి చూడాలి నేను. ఎవురైనా దొరికిన చోటంతా నింపేస్తారు. ఈయన వదులుతాడు. ఆ మనిషికి ఎక్కడ తప్పుకోవాలో తెలుసు సార్! అది నేర్పిస్తే వచ్చేది కాదు" అన్నారు.

నేను రెండో వరసలో ఉన్నాను, మావారి వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని. అది నేర్పిస్తేనే వచ్చిందని ఆయనతో చెప్పాలనిపించింది. మావారు నావైపు చూశారు. ఒక్క క్షణం, నిజంగా, చెబుతారనుకున్నాను.

"నెట్‌లో దొరికింది సార్" అన్నారు.

ఆటోలో అడిగాను. "నెట్‌లో అని ఎందుకు చెప్పినారు?"

"అయ్యో, దానికా మొహం అట్ల పెట్టుకోని ఉండావు? ఆయన ఎంత పెద్ద ప్లేయరు! ఆయన ముందర, మా ఇంట్లో ఆమె వంటా వార్పూ అయినాక టొక్కు టొక్కని వాయిస్తాదని చెప్పేదా? ఇంకో నలుగురు వస్తారు, మాకూ చేసియ్యమని. నీకే గదా కష్టం? నీ మంచికే చెప్పినా పో."

నా మంచి కోసం జరిగే పనులన్నిటిలోనూ నేను లేకపోవడమే ప్రధానమైన విశేషం. ఆ రాత్రి ఏడుపు రాలేదు. వస్తే సుఖంగా ఉండేది. వచ్చింది అమ్మ పాట.

అమ్మ వాషర్‌మెన్‌పేటలో డాబా మీద బట్టలు పిండుతూ ఒక రాగం తీసేది. మాటలు లేవు. పిండేటప్పుడు బిగిసి, దులిపేటప్పుడు విడిపోయే పాట. ఎక్కడిదమ్మా అంటే, "ఏమో, నాకే తెలీదు" అనేది. అమ్మ పోయాక దానికోసం ఎన్నెన్ని చోట్ల వెతికానో. ఫోనుకు వినిపిస్తే అది కూడా ఏమీ దొరకలేదని చెప్పింది. ఇప్పుడది ఉన్నది ఒక్క నా చెవిలో. దాన్ని రికార్డు చేయబోయిన ప్రతిసారీ ఏదో ఒక చోట చిల్లు పడింది. ఒకసారి దులిపే పంక్తి పోయింది. ఒకసారి చివర పోయింది. చిల్లులన్నీ కలిపి చూస్తే మా ఇంటి ఫ్యాను చరిత్ర తెలుస్తుంది, అమ్మ పాట తెలియదు. నేను కూడా పోతే అక్కడ తాళం మాత్రం మిగులుతుంది. దాన్ని ఒక్కసారి, మొదటి నుంచి చివర దాకా, లేవకుండా వాయించాలి. ఇంత చిన్న కోరిక కోరుకోవడానికి కూడా నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆదివారం సాయంత్రం, ధన్య బయటికి వెళ్లాక, దాని గదిలో కీబోర్డు ముందు కూర్చున్నాను. హాల్లో ముగ్గురూ ఉన్నారు: మామగారు కుర్చీలో, అత్తగారు మంచం మీద, మావారు క్రికెట్టులో. రికార్డు మీట నొక్కాను. అమ్మ చేతులు మొదటి బట్టను పిండడం మొదలుపెట్టాయి. రెండో పంక్తి ఎత్తుకోబోతుండగా రానే వచ్చింది.

"వాసూ! ఫ్యాను!"

నా ఎడమచేయి, నా అనుమతి లేకుండా, ఎక్కువసేపు నిలిచే ఆ పాత మెట్ల మీదకు జారిపోయింది. కాళ్లు కూడా సగం లేచాయి. శరీరానికి ఇంత చక్కటి శిక్షణ ఏ వ్యాయామశాలలోనూ దొరకదు. వాటిని అక్కడే ఆపి, చేతిని వెనక్కి లాక్కుని, రెండో పంక్తి వాయించాను.

"వాసూ, మామయ్య పిలస్తా ఉండారు, వినపళ్ళేదా?" ఇది అత్తగారు.

చరణం.

"ఒసే వాసూ, నాన్న ఎంత సేపు పిలిచేది? ఆడ ఏం చేస్తా ఉండావు?" ఇది మావారు, ఓవరుకూ ఓవరుకూ మధ్య.

వీపు మీద చెమట కారింది. పిలుస్తున్నది ఒక ముసలాయన కదా, ఉక్కగా ఉంది కదా, ఒక్క నిమిషం కదా అని నాలో ఎవరో బతిమాలుతున్నారు. ఆమె గొంతు కూడా నాదే. అమ్మ తడిబట్ట దులిపే పంక్తి వచ్చింది. దాన్ని పూర్తిగా వాయించాను. తరువాత, జీవితంలో మొదటిసారి, లేవకుండానే చివర కూడా వచ్చింది. హాల్లో పిలుపులు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు. ముగింపు మీట నొక్కాను. ఆ మీటకు వినయం తెలియదు. బట్టలారేసే పాటకు పట్టాభిషేకానికి చాలినంత డోలు మోత మోగించి గాని ఊరుకోలేదు. నేనూ కాదనలేదు.

మర్నాడు మావారు ఆ పెన్‌డ్రైవ్ విన్నారు. రెండుసార్లు గొంతు సవరించుకుని రెండుసార్లూ నోరు మూసుకున్నారు.

"ఇందులో పాడేదానికి చోటే లేదే వాసూ."

"లేదండీ."

"మునుపటి మాదిరి మళ్లీ చేసియ్. వచ్చే నెల సభకి కావాల."

"నేను చెయ్యను. అట్లాంటివి నెట్‌లో దొరుకుతాయి గదా" అన్నాను.

నేను పెన్‌డ్రైవ్ తీసి మంగళసూత్రం పక్కన, జాకెట్టులో పెట్టుకుని బడికి వెళ్లాను. వెళ్లేదారిలో సంతోషం కలుగుతుందేమోనని ఎదురుచూశాను. కలగలేదు. దారి పొడవునా ఒకటే దృశ్యం కళ్లముందు ఆడింది. దాన్ని కూడా నమోదు చేయకపోతే ఈ మహోద్యమ చరిత్ర అసంపూర్ణమవుతుంది.

ముందురోజు సాయంత్రం పాట ముగించి, యుద్ధానికి సిద్ధపడి హాల్లోకి వెళితే అక్కడ యుద్ధం లేదు. అత్తగారు కునుకు తీస్తున్నారు. మావారు స్కోరు చూస్తున్నారు. ఫ్యాను మూడు మీద, హాయిగా తిరుగుతోంది. మామగారు కుర్చీలోంచి లేవనైనా లేదు. ఆ రెగ్యులేటరు ఆయన కుడిచేతికి జానెడు దూరంలో ఉంది.