మిక్సీ చప్పుడులో పోయిన మాట

ఇల్వా ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆమె ఆ మాట చెప్పే సమయానికి నేను వంటింట్లో చెనక్కాయల చట్నీకి మిక్సీ తిప్పుతున్నాను.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ‘నీలి నావ’ చూసే పూట. ఎక్కడో పరదేశంలో తీసి తెలుగు మాటలు అతికించిన సీరియల్ అది. సూర్యుడు ఆరిపోయిన ఒక లోకం నుంచి జనాన్నంతా ఎక్కించుకుని ఆకాశంలో పోతున్న పెద్ద ఓడ కథ. దారిలో మంత్రాలు వేసే రాణులు, రెక్కల గుర్రాలు, ఇనుప సైనికులు అడ్డం వస్తుంటారు. ఓడకు నాయకుడు దారో. అతని భార్య ఇల్వా. వాళ్లకు ఒక చిన్న పాప. ఓడ అడుగున ఒక తోట ఉంది, అందరూ పీల్చే గాలి ఆ తోట నుంచే వస్తుంది. దాన్ని చూసుకునేది ఇల్వా. మొదటి నుంచీ ఆమె చేతిలో నీళ్ల గొట్టమో కత్తెరో తప్ప ఇంకొకటి చూడలేదు నేను. యుద్ధాలన్నీ పైన జరుగుతుంటాయి.

నా భర్త మునిశేఖర్‌కు పాకాల బజారులో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. శుక్రవారం మాత్రం పెందలాడే మూసి వస్తాడు. అతని తమ్ముడు మునిప్రసాద్ పక్క వీధి నుంచి వస్తాడు. మా అత్త చంద్రకాంతమ్మ కుర్చీని టీవీకి బాగా దగ్గరగా జరుపుకుంటుంది. ఆమెకు అది పురాణమే. దారోను ‘ఆ రాజు’ అంటుంది. నా కూతురు రాజశ్రీ తిరుపతిలో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో పోయి వస్తుంటుంది. అది కింద కూర్చుని ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఫోన్ మీద పెడుతుంది. నేను చూసేది వంటింటి గడప దగ్గర నిలబడి. పెనం మీద పిండి పోసి ఒక ముక్క, దోసె తిరగేసి ఒక ముక్క. చూడకుండా పోయిన ముక్కలు నేనే అల్లుకుంటాను. ఒక్కోసారి నేను అల్లుకున్నదే బాగుంటుంది కూడా.

ఆ శుక్రవారం ఇల్వా తోట తలుపు మూసి, తాళం చెవులు దారో చేతిలో పెట్టింది. పడవంత చిన్న విమానం ఒకటి సిద్ధంగా ఉంది. దూరాన, ఎవరూ ఎప్పుడూ పోని ఒక తెల్లటి చంద్రుడు. ఈమె ఎక్కడికి బయల్దేరిందబ్బా అని నేను అట్లకాడ పట్టుకునే హాల్లోకి వచ్చాను. “ఎందుకు వెళ్తున్నావ్?” అన్నాడు దారో. ఇల్వా అతని వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడు మునిశేఖర్ తల తిప్పకుండానే ప్లేటు పైకెత్తి, “చట్నీ అయిపోయింది” అన్నాడు.

నేను మిక్సీ ఆపి తిరిగొచ్చేసరికి ఆ చిన్న విమానం తలుపు మూసుకుపోయింది. తెర మీద పేర్లు పడుతున్నాయి.

“బుద్ధుండాదా ఆయమ్మికి?” అంటున్నాడు మునిశేఖర్. “ఓడలో ఇంతమంది ఊపిరాడక సచ్చిపోతే ఎవురు జవాబు?”

“ఏం వదినా,” అని మునిప్రసాద్ నవ్వాడు. “ఆకాశంలో గూడా అలిగి పోయేదానికి ఒక చోటు ఎతుక్కున్నారే మీ ఆడోళ్లు.”

“పోతా పోతా ఏం చెప్పింది?” అని అడిగాను.

“ఏం చెప్తాది, ఏడ్సింది” అన్నాడు మునిశేఖర్.

“యాడ ఏడ్సిందన్నా? పోట్లాడింది గదా. నీ ఓడా వద్దు, నువ్వూ వద్దు అనింది” అన్నాడు మునిప్రసాద్.

ఇద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని చూసినవాళ్లే. అయినా ఒకడికి ఏడుపు, ఒకడికి పోట్లాట కనిపించింది. నాకు విచిత్రంగా తోచింది. అడిగితే మళ్లీ వేసి చూపించేవాళ్లే కావచ్చు. కానీ ఆ సాయంత్రం నాకు వేరే ఆసక్తి పట్టుకుంది. చూసినవాళ్లందరినీ అడగాలనిపించింది. ఆమె ఏం చెప్పిందన్నది ఒకటైతే, వీళ్లకు ఏం వినపడిందన్నది ఇంకొకటి.

ఆ కుతూహలానికి ఒక కారణం ఉందని అప్పటికి నాకే సరిగ్గా తెలియదు. నేను దామలచెరువు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కాయ దిగే కాలమంతా ఉడికిన గుజ్జు ల్యాబ్‌కు వస్తుంటుంది. తీపి ఎంత, పులుపు ఎంత, రంగు నిలుస్తుందా లేదా చూసి చెప్పేది నేను. సంతకం మాత్రం మా మేనేజర్ ప్రేమానందం గారిది. బయటి నుంచి కొనేవాళ్లు వస్తే ల్యాబ్ అంతా వాళ్లకు ఆయనే చూపిస్తారు. చివర్లో నా వైపు తిరిగి, “అమ్మా, టీ చెప్తావా” అంటారు. మునిశేఖర్ అయితే, “మామిడిపండు తియ్యగుండాదో లేదో చెప్పేదానికి ఒక ఉద్యోగమా” అని అంగట్లో నలుగురి ముందూ అంటాడు. కొత్తలో మా అత్త ఇరుగుపొరుగుతో, “కూరలో ఉప్పు సూడను రాదు గానీ ఆడ పులుపు సూస్తాదంట” అనేది. వాటిని నేను ఎప్పుడూ మనసులో పెట్టుకోలేదనే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాయబోతే ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఆ వారమే మా కంపెనీ నాయుడుపేటలో కొత్త యూనిట్ పెడుతోందని, అక్కడి ల్యాబ్ మొత్తం చూసుకోవడానికి నా పేరు అనుకున్నారని ప్రేమానందం గారు చెప్పారు. “ఇంట్లో అడిగి సోమవారం చెప్పమ్మా. ఒప్పుకోరనుకో, ఏం పర్లేదు” అన్నారు. ఒప్పుకోరనే ఆయన నమ్మకం. ఇంట్లో చెప్పాను. మునిశేఖర్ చెయ్యి కడుక్కుంటూ, “వారమంతా ఆడుండి ఆదివారం ఈడికొచ్చేదా? ఏం ఖర్మ మనకు” అని టవల్ కోసం చెయ్యి చాపాడు. నేను టవల్ ఇచ్చాను. మాట అక్కడితో అయిపోయింది.

శనివారం మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ప్యాకింగ్ సెక్షన్ ప్రసన్నకుమారిని అడిగాను. ఆమె బస్సులో వస్తూ ఫోన్‌లో చూసిందట.

“క్షమించమని అడిగింది గదక్కా” అంది.

“చెవులారా విన్నావా?”

ఆమె అన్నంలో మజ్జిగ కలుపుకుంది. “బస్సులో ఏం వినపడతాది? అయినా అడిగే ఉంటాది. మనమయితే అడగమా? నేను తమిళనాడులో మా చెల్లెలి ఇంటికి ఒక్క పూట పోయొస్తే వాళ్లందరికీ ఎన్నిసార్లు చెప్పుకున్నానో.” అని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే, “నాకు ఏడుపొచ్చిందక్కా, ఆయమ్మిని సూస్తే” అంది.

“ఎందుకు?”

“ఏమో. తాళాలు ఇచ్చేసింది సూడు, దానికి.”

సాయంత్రం రైలు దిగి వచ్చిన రాజశ్రీ బట్టలు కూడా మార్చుకోకుండా ఫోన్ నా ముందు పెట్టింది. ఆ సీరియల్ చూసేవాళ్లందరికీ ఒక గుంపు ఉందట, అందులో రాత్రంతా కొట్టుకున్నారట. అది చదువుతుంటే నేను చిక్కుడుకాయలు తుంచుతూ విన్నాను. ‘కథ నాశనం చేశారు, ఇక చూడను’ అని ఒకాయన. ‘దారోకు ఇంకో పెళ్లి చెయ్యండి’ అని ఒకాయన. ‘తల్లి అనే పదానికే మచ్చ’ అని ఒకామె. ‘నేనైతే ఓడను కూడా తీసుకుపోయేదాన్ని’ అని ఒకామె. దానికి నేను గట్టిగా నవ్వాను. రాజీ నవ్వలేదు.

“నువ్వేం రాసినావు?” అన్నాను.

“తప్పు అని రాసినా మా. ఆ పాప నిద్రలో ఉండాది. లేస్తే అమ్మ ఉండదు. అలసిపోయినాను అంటే సరిపోతాదా?”

“అలసిపోయినాననిందా?”

“అట్లనే ఏదో అనింది” అని ఫోన్ పక్కన పెట్టి నన్ను చూసింది. “నువ్వయితే పోతావా మా?”

దానికి ఇరవై ఏళ్లు వస్తున్నాయి. నాయుడుపేట మాట ఆ రోజు అది వినలేదనుకున్నాను. విన్నదని ఆ చూపులో తెలిసింది. నేను తుంచిన కాయలన్నీ గిన్నెలోకి ఎత్తుకుని, “నీళ్లు కాగినాయి, మొకం కడుక్కోపో” అన్నాను. అంతకన్నా నీచమైన జవాబు ఇంకొకటి ఉండదు. అది లేచి స్నానాల గదిలోకి పోయింది.

ఆదివారం పొద్దున మా అత్త తల దువ్వుతూ ఆమెనూ అడిగాను. “ఏమో బిడ్డను గురించి చెప్పినట్టుండాది. అన్నం పెట్టమనో ఏమో” అంది. కాసేపటికి తనంతట తనే, “నాకు మాటలు సరిగ్గా వినపడక శానా దినాలాయ. బొమ్మలు సూసుకుంటా కూసుంటా” అంది.

నా చెయ్యి ఆగిపోయింది. “చెప్పలేదే అత్తా?”

“ఎవురన్నా అడిగితే గదా.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. “మాటలు పోతే పోయినాయి గానీ ఆయమ్మి మొకం మాత్రం బాగుండింది. తిరణాలకు పోయేదాని మాదిరి.”

మధ్యాహ్నం భోజనాలైనాక మునిశేఖర్ సరుకు దిగుతోందని అంగడికి పోయాడు. రాజీ స్నేహితురాలి ఇంటికి, అత్త తన గదిలోకి. కడగాల్సిన గిన్నెలు తొట్టి నిండా ఉన్నాయి. నేను వాటిని అట్లే వదిలేసి, హాల్లోకి వచ్చి సోఫా మధ్యలో కూర్చున్నాను. ఆ సోఫా అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. దాన్ని దులపడమే తెలుసు. టీవీ పెట్టగానే, చూస్తున్నది ఎవరు అని తెర అడిగింది. కింద శేఖర్, రాజీ, ప్రసాద్ అని మూడు బొమ్మలు. పక్క వీధిలో ఉండే మరిదికి మా టీవీలో పేరుంది. నేను కొత్తగా ఒకటి చేర్చి, రిమోట్ నొక్కుతూ ఒక్కొక్క అక్షరమే వెతికి, నాగవేణి అని నా పేరు పెట్టుకున్నాను.

దారో అడిగాడు. “ఎందుకు వెళ్తున్నావ్? ఇక్కడ నీకేం తక్కువైంది?”

ఇల్వా ఏడవలేదు. పోట్లాడలేదు. అలసిపోయానని గానీ క్షమించమని గానీ అనలేదు. బిడ్డ ఊసు ఎత్తలేదు. అతన్ని ప్రేమగానే చూసింది.

“ఏమీ తక్కువ కాలేదు. అక్కడ ఏముందో చూడాలనుంది” అంది.

అంతే. నేను వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఇంకోసారి విన్నాను. ఇంత చిన్న మాట, ఇంత స్పష్టంగా చెప్పిన మాట, ఒక్కరికీ వినపడలేదు. మిక్సీ నేను ఒక్కదాన్నే తిప్పుతున్నాననుకున్నాను. ఆడది గడప దాటి పోతోందంటే దాని వెనక ఒక ఏడుపు ఉండాలి, లేదా కోపం, లేదా జబ్బు. ఏదో ఒక దెబ్బ తగిలి ఉండాలి. అప్పుడు తిట్టడానికైనా జాలిపడడానికైనా వీలుంటుంది. ఉట్టినే చూడాలనిపించి పోయిందంటే ఆ మాటను పెట్టుకోవడానికి ఎవరి దగ్గరా చోటు లేదు. నా దగ్గర మాత్రం ఉందా? వారం రోజులుగా నేను చేస్తున్నది అదే పని. రాజీ పై చదువుకు అక్కరకొస్తుందని చెబుదామా, కంపెనీ వాళ్లు బలవంతం చేస్తున్నారని చెబుదామా, నడుంనొప్పికి తగ్గ పని అని చెబుదామా అని కారణాలు ఏరుకుంటున్నాను. వాటిలో ఒక్కటీ నిజం కాదు. నాయుడుపేట అన్న మాట ప్రేమానందం గారి నోట విన్నప్పుడు నాకు కలిగింది ఒకటే. ఖాళీ గది ఒకటి, అందులో ఏ బల్ల ఎక్కడ వెయ్యాలో నేనే చెప్పడం, కింద నా సంతకం. అది ఎట్లుంటుందో చూడాలి. చిన్నప్పుడు కొత్త పుస్తకం మొదటి పేజీ తిప్పేటప్పుడు ఉండే ఉబలాటమే అది, అంతకు మించి ఏమీ లేదు.

మునిశేఖర్ సాయంత్రం వచ్చేసరికి గిన్నెలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. వాటిని చూసి, నన్ను చూసి, “ఒళ్లు బాగలేదా?” అన్నాడు. రాజీ అప్పుడే వచ్చి తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. అత్త కుర్చీలో ఉంది.

“బాగుండాను. రేపు ఆఫీసులో నాయుడుపేటకు పోతానని చెప్తాను” అన్నాను.

అతను కూర్చున్నాడు. కోపం రాలేదు. నిజంగానే అర్థం కాని మొహం పెట్టాడు. “ఇప్పుడీడ నీకేం కష్టమొచ్చిందని?”

“ఏ కష్టమూ రాలేదు. నా చేతి కింద ఒక ల్యాబ్ ఉంటే ఎట్లుంటాదో సూడాలని ఉండాది.”

“అంతేనా?”

“అంతే.”

అతను ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. నేను చేర్చలేదు. చేర్చకుండా ఉండడం ఎంత కష్టమో ఆ కాసేపట్లో తెలిసింది. నాలుక చివర రాజీ చదువు, నడుంనొప్పి అన్నీ వచ్చి నిలబడ్డాయి. రాజీ నా పక్కకు వచ్చి నిలబడింది. ఫోన్ గుంపులో తను రాసింది మార్చిందో లేదో నేను అడగలేదు. చెయ్యి మాత్రం నా చెయ్యికి ఆనించి ఉంచింది.

“ఇంట్లో వంట? అమ్మను ఎవురు సూసుకుంటారు?” అని, ఆఖరికి వాళ్లమ్మ వైపు తిరిగి గొంతు పెంచాడు. “ఏం మా, నువ్వన్నా చెప్పు ఈమెకు. నాయుడుపేటకు పోతాదంట, వారమంతా ఆణ్నే ఉంటాదంట.”

అత్తకు ఈసారి బాగానే వినపడింది. నన్ను పైనుంచి కిందికి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“నాయుడుపేట నుంచి రాకెట్టు పైకి పోయేది కనపడతాదా?” అంది.

“బాగా కనపడతాదంట అత్తా. రాకెట్లు వదిలే చోటు ఆడికి దగ్గరే గదా, మిద్దెక్కితే చాలంట.”

ఆమె కొడుకు వైపు చూడలేదు. చీర కుచ్చెళ్లు మోకాళ్ల మీద సర్దుకుంది.

“అట్లయితే రెండు మంచాలు పట్టే ఇల్లు సూడు” అంది.