టిక్కు పెట్టని పేరు

చెప్పులు గడప బయట విడిచి, గంగులు తన ఫోనులో నంబరు నొక్కాడు. మందులకొట్టు లోపల గంట మోగింది. రెండో మోతకే ఆపేసి, నోటుపుస్తకంలో ఆ కొట్టు పేరు పక్కన టిక్కు పెట్టాడు. చెవులారా విననిదే టిక్కు పెట్టడం అతని ధర్మంలో లేదు.

యాభై ఆరేళ్ల మనిషి. ఎండకు కమిలిన పొడుగాటి మెడ, చంకలో గుడ్డసంచి, నుదుట సన్నని నామం. తాతాజీ నడిపే ఇంటర్నెట్టు సెంటరుకు నర్సీపట్నం కొట్ల పేర్లూ నంబర్లూ సేకరించి తేవడం అతని వృత్తి. తాతాజీ వాటిని కంప్యూటరు డైరెక్టరీలో ఎక్కిస్తాడు. పల్లెలవారు ఫోను చేసి అడిగితే వెదికి చెబుతాడు. రెండువేల ఆరులో అదొక వింత.

రోడ్డు వెడల్పు చేయడంలో కొట్టు పోగా, జోగులమ్మ వెనకసందులోకి మారి మూడు వారాలైంది. భర్త పోయిన నాటినుంచి కాలిన మోటార్లకు తీగ చుట్టే పని ఆమెదే. గంగులు తర్వాత అక్కడికే వెళ్లాడు.

"ఒక్క మోటారు రానేదన్నయ్యా. సుక్కురోరం దాకా సూసి, కొట్టు మూసీసి ఓనరుకి తాళం ఇచ్చీస్తాను."

గంగులు ఆమె కొత్త నంబరు నొక్కాడు. మోగలేదు.

"లైనుమేను మద్దేనం వొస్తానన్నాడు. ఆడి మద్దేనం ఏ యుగందో!" అంటూ, ఊడి వేలాడుతున్న అతని పెన్సిలును ఆమె రాగితీగతో పుస్తకానికి బిగించింది.

వినని నంబరును గంగులు తొలిసారి రాసుకున్నాడు. టిక్కు మాత్రం పెట్టలేదు.

జోగులమ్మ కొట్టని ఎక్కించమంటే, సెంటరులో తాతాజీ తల అడ్డంగా ఊపాడు.

"బోర్డు మీదున్న పేరే ఎక్కాలి గంగులు గారూ. శ్రీ వేంకటేశ్వర ఎలక్ట్రికల్స్."

"ఆ పేరుతో ఊళ్లో తొమ్మిదున్నాయి బాబూ. కోటవురట్ల రైతు ఏటని అడుగుతాడు? జోగులమ్మ కొట్టనే గదా!"

"రూలు ఉందండీ."

"సామికి వెయ్యి పేర్లు. పిలిసినోడి నోట ఏదుంటే దానికే పలుకుతాడు. నీ కంప్యూటరు ఆయనకన్నా గొప్పదేటి?"

తాతాజీ నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకొని, బోర్డు పేరు కిందనే 'జోగులమ్మ మోటారుకొట్టు' అని కొట్టాడు.

తిరిగి సందుకు నడుస్తూ గంగులు రెండుచోట్ల ఆగి గుండె నిమురుకున్నాడు. అతడు చేరేసరికి లైనుమేను తీగ కలిపి వెళ్లాడు. గడప పక్కనున్న స్టూలుపై గంగులు గోడకు చేరగిలబడి, పుస్తకం ఒడిలో తెరిచాడు.

"కాస్త ఊపిరి తీసుకుని నొక్కుతానమ్మా."

మంచినీళ్లకు ఆమె లోపలికి వెళ్లింది. అతడు నొక్కకముందే లోపల కొట్టు ఫోను మోగింది. ఆమె ఎత్తింది.

"జోగులమ్మ కొట్టేనాండీ? రావికమతం నించి. రెండు మోటార్లు కాలిపోనాయి, రేపు తెస్తాం. బేగి కట్టిస్తారా?"

"తెచ్చీండి బాబూ!"

గ్లాసుతో వెనుదిరిగి, "ఇన్నావా అన్నయ్యా, మోగీసింది!" అంది. గంగులు తల భుజం మీదికి వాలి ఉంది. ఫోను ఇంకా అతని చేతిలోనే ఉంది. ముఖంలో బాధ జాడ లేదు. ఆమె రెండుసార్లు పిలిచి, గ్లాసు నేల మీద పెట్టేసింది.

శుక్రవారం తాళం ఇవ్వలేదు. కట్టాల్సిన మోటార్ల వరస గడప దాకా పెరిగింది. స్టూలును మాత్రం ఆమె ఎవరినీ జరపనివ్వలేదు. దాని మీద తెరిచిన నోటుపుస్తకం, పుటలో చివరగా టిక్కు లేని ఆమె పేరు, రాగితీగ కొసన వేలాడే పెన్సిలు.